ఇరవై ఏడో పేజీలో సూదిపోట్లు

ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ఆ అమ్మాయి కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిసంచిని గుండెకు అదుముకుని తలుపు వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూసింది. ముప్ఫై ఏళ్లుంటాయి. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుందని మెడలోని గుర్తింపు కార్డు చెబుతోంది. పని మధ్యలో లేచి వచ్చేసినట్టుంది, వేళ్ల మధ్య అద్దాలు తుడిచే గుడ్డ ఇంకా అలాగే ఉంది.

"మా అమ్మ బతికే ఉంది సార్" అంది.

"సంతోషించాల్సిన మాటేగా?" అన్నాడు డిటెక్టివ్.

"అదే భయంగా ఉంది."

మూల బల్ల దగ్గర టైపిస్టు మిషను మీంచి చేతులు తీసేసింది. పదకొండేళ్లుగా ఆయనకు టైపిస్టూ ఆమే, సహాయకురాలూ ఆమే, ఆఫీసుకు తాళం వేసేదీ ఆమే. డిటెక్టివ్ పూర్వం తపాలా శాఖలో పనిచేశాడు. చిరునామా దొరకని ఉత్తరాలు విప్పి చదివి, అవి ఎవరికి చేరాలో తేల్చే గదిలో ముప్ఫై ఏళ్లు కూర్చున్నాడు. దేవుడి చిరునామా అడిగినా ఆయన వీధి పేరుతో సహా చెబుతాడని టైపిస్టు తన అక్కచెల్లెళ్ల దగ్గర గొప్పలు పోయేది.

ఆ అమ్మాయి సంచిలోంచి ఒక నవల తీసి బల్ల మీద పెట్టింది. అట్ట నలిగిన పాత పుస్తకం. ఇరవై ఏడో పేజీ తెరిచి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పేజీ సంఖ్య కింద మూడు సన్నటి రంధ్రాలు, వరసగా.

"ఇది మా అమ్మ గుర్తు. కుట్టుపని చేసేది. పుస్తకాల పిచ్చి. బడికి పోయింది మూడేళ్లే, మిగతా చదువంతా పాత పుస్తకాల కొట్లోనే చదివింది. అద్దె పుస్తకాల షాపులో సగం ధరకు కొని, చదివేసి, పావు ధరకు తిరిగిచ్చేసేది. పెన్నుతో గీస్తే వాళ్లు తిరిగి తీసుకోరు. అందుకని సూదితో మూడు పోట్లు పొడిచేది, చదివేశానని గుర్తుగా. మొదటి పేజీలు చిరిగిపోతాయి, చివరివి ఊడిపోతాయి, అందుకని మధ్యలో ఇరవై ఏడు."

"గుర్తు పెట్టుకోవడం దేనికి?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "మతిమరుపు మొదలైంది సార్. చదివిన పుస్తకమే మళ్లీ కొనుక్కొచ్చేది. నాన్న కేకలేసేవాడు. 'మళ్లీ ఇదే తెచ్చావా, బుర్రా అది బొంగరమా' అని. అప్పట్నుంచి ఈ పోట్లు. ఆరేళ్ల క్రితం ఒకరోజు పుస్తకాలు తిరిగిచ్చేసి వస్తానని వెళ్లింది. మళ్లీ రాలేదు. పోలీసులూ వెతికారు, మేమూ వెతికాం."

"ఈ పుస్తకం?"

"పోయిన వారం పాత పుస్తకాలమ్మే తూకం తాత కొట్లో కొన్నాను. వెనకాల చూడండి, ఇది అచ్చయిందే పోయినేడాది." "పోయినేడాది పుస్తకం చదివిందంటే, ఈ ఊళ్లో పుస్తకాలు కొనుక్కుంటోందంటే... మరి ఇంటికెందుకు రాదు? రాలేకపోతోందా, రాకూడదనుకుంటోందా? నాకు అదొక్కటి తేల్చి చెప్పండి సార్. ఏదైనా సరే, తట్టుకుంటాను."

డిటెక్టివ్ భూతద్దం తీసి ఆ పేజీని చాలాసేపు చూశాడు. తర్వాత పుస్తకమంతా మెల్లగా తిప్పుకుంటూ పోయి, నూటపద్నాలుగో పేజీ దగ్గర ఆగాడు. ప్రెస్సులో కోత సరిగ్గా పడక, అక్కడ రెండు కాగితాలు పైఅంచునా పక్కఅంచునా కలిసే ఉన్నాయి. లోపలి రెండు పేజీలు చదవాలంటే చాకు పెట్టి కోయాలి.

"నువ్వు ఇంకా చదవలేదు కదూ?"

"లేదు సార్, గుర్తు చూశాక చదవాలనిపించలేదు."

ఆ అమ్మాయి వెళ్లాక టైపిస్టును పిలిచి ఆ మడత చూపించాడు. "ఏం కనిపిస్తోందమ్మా?"

"కోయని పేజీలు సార్."

"మూడు పోట్లంటే 'చదివేశాను' అని అర్థం. కానీ ఈ పుస్తకం ఎవరూ చదవలేదు."

ఆమె నోరు తెరిచి, మళ్లీ మూసింది. ఆమెకు ఆయన మీద గౌరవం పెరిగే ప్రతిసారీ మాటలు తగ్గుతాయి.

మర్నాడు ఆ అమ్మాయి ఇంటికి వెళ్లారు. రెండు గదులు. కిటికీ దగ్గర చిన్న బల్ల వేసుకుని తండ్రి ఒక చేతిగడియారం బాగు చేస్తున్నాడు. కంటికి నల్లటి గొట్టం లాంటి అద్దం, ముందు గాజు గిన్నెలో చుక్కంత నూనె. సన్నటి ఉక్కు సూదిని అందులో ముంచి, గడియారంలోని చక్రానికి తాకించి తీస్తున్నాడు. వచ్చినవాళ్లను చూసినా సూది కింద పెట్టలేదు.

"డిటెక్టివులా? ఆరేళ్లయ్యాకా?" అన్నాడు. "మా అమ్మాయికి డబ్బు ఎక్కువైందల్లే ఉంది."

"నీ డబ్బు కాదుగా" అంది కూతురు లోపలి గదిలోంచి. "నీకెందుకు బాధ?"

"నాకెందుకుంటుంది బాధ? నాకసలేదీ ఉండదు. ఆ మాట నువ్వెప్పుడో తేల్చేశావుగా."

తండ్రీకూతుళ్ల మధ్య మాటలు అంతే. ఒకే గుమ్మంలోంచి వెళ్లి వచ్చే ఇద్దరు అద్దెకాపుల్లా ఉన్నారు.

"మీ భార్యకు శత్రువులెవరైనా ఉన్నారా?" అడిగాడు డిటెక్టివ్.

"ఉన్నాను కదా, నేనొకణ్ణి. మా అమ్మాయినడగండి, సాక్ష్యం చెబుతుంది." ఆయన గడియారం మూత బిగించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది నడుస్తోందో లేదో వింటున్నట్టే, మొహం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు.

కూతురు అమ్మ వదిలి వెళ్లిన పాత పుస్తకాలు తెచ్చింది. తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటిలోనూ ఇరవై ఏడో పేజీలో మూడు పోట్లు. డిటెక్టివ్ వాటిని భూతద్దంలో చూసి టైపిస్టు చేతికిచ్చాడు. అమ్మ పోట్లు ఒక్క కాగితంలోనే ఉన్నాయి. వెనక్కి తిప్పితే అంచు గరుకుగా వేలికి తగులుతోంది. కొత్త పుస్తకంలో పోట్లు ఆ పేజీని దాటి కింద ఉన్న మూడు కాగితాల్లోకి దిగాయి. ప్రతి రంధ్రం చుట్టూ, వెలుతురులో పెడితే తప్ప తెలియనంత పలచగా, ఒక పసుపుపచ్చని వలయం ఉంది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇద్దరూ ఊళ్లో చవగ్గా పుస్తకాలు దొరికే చోట్లన్నీ తిరిగారు. పాత కోర్టు గోడ పక్కన పట్టాల మీద పరిచి అమ్మేవాళ్లు, ఏది తీసినా ఒకే ధర అనే తోపుడు బండి, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలను నెలకోసారి అమ్మే వెనక వరండా, అద్దె పుస్తకాల షాపు. టైపిస్టుకు ఒక విషయం ఆశ్చర్యం కలిగించింది. ఆ చోట్లకు వచ్చేవాళ్లు పుస్తకం తీసుకుని ముందు వాసన చూస్తారు, తర్వాత ధర చూస్తారు, తర్వాత ఒకసారి కింద పెట్టేసి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వస్తారు. విడిచి వెళ్లలేని చోట మనుషులందరూ ఒకేలా నడుస్తారు.

అన్ని చోట్లా మూడు పోట్ల పుస్తకాలు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా తూకం తాత కొట్లో. అదొక పొడుగాటి రేకుల షెడ్డు. కిలో లెక్కన అమ్మకం. తాతకు రెండు కళ్లకూ శుక్లాలు ముసిరాయి, తక్కెడ ముల్లును కూడా వేలితో తడిమి చూస్తాడు.

"నాకు పేర్లతో పనిలేదు బాబూ" అన్నాడు. "కథయినా కిలోయే, కవిత్వమైనా కిలోయే. కవిత్వం కొంచెం తక్కువ తూగుతుంది, అంతే తేడా."

డిటెక్టివ్ నవలల వరసలో వంద పుస్తకాలు తీసి చూశాడు. తొంభై ఒక్కదానిలో పోట్లున్నాయి. టైపిస్టు మరో మూలలోంచి ఒక లావుపాటి పుస్తకం మోసుకొచ్చింది. డీజిల్ ఇంజన్ల మరమ్మత్తు. దానికీ ఇరవై ఏడో పేజీలో మూడు పోట్లు.

"కుట్టుపని చేసుకునే ఆవిడ దీన్ని చదివిందంటారా సార్?"

"చదివిందని ఎవరూ అనుకోరు. అంటే ఇవి పొడిచిన మనిషి ఏది కథల పుస్తకమో ఏది కాదో చూసే ఓపిక కూడా లేనంత తొందరలో ఉన్నాడు." తర్వాత తాత వైపు తిరిగి, "ఎవరైనా పుస్తకాలు తిరగేసి, కొనకుండా పోయేవాళ్లున్నారా?" అని అడిగాడు.

తాత పకపకా నవ్వాడు. "కొనేవాళ్లను అడుగు, వేళ్ల మీద చెబుతా. కొననివాళ్ల లెక్కయితే నా వల్ల కాదు. ఆదివారం పొద్దున్నే ఒకాయన వస్తాడు, దగ్గు తప్ప మాట ఉండదు. రెండు గంటలు వరసలన్నీ తిరుగుతాడు, ఊరికే పోవడం బాగుండదని ఒకటి కొంటాడు. ఇంకొకావిడ ఉండేది. అబ్బో, ఆవిడ సంగతి చెప్పాలి. నేను ఈ కొట్టు తీసుకున్న కొత్తల్లో గురువారం గురువారం వచ్చేది. మొదట్లో ఒకటో రెండో కొనేది. తర్వాత ఏది తీసినా 'చదివేశాను', 'ఇదీ చదివేశానే' అనేది. ఏమమ్మా, నా కొట్టంతా చదివేశావా, ఇంక నేను ఎత్తెయ్యనా అనేవాణ్ణి. నవ్వేది. మంచి గొంతు. తర్వాత రావడం మానేసింది."

టైపిస్టు కూడా నవ్వబోయింది. డిటెక్టివ్ మొహం చూసి ఆగిపోయింది. ఆయన చేతిలోంచి భూతద్దం జారింది. పదకొండేళ్లలో అలా జరగడం ఆమె చూడలేదు.

"ఒక్కత్తే వచ్చేదా?" అడిగాడు ఆయన, భూతద్దం తీసుకుని.

"కాదు. చిత్తు కాగితాలు కొనే ఆయమ్మతో. గుడ్డల గోడౌను వెనక ఆడవాళ్ల ఆశ్రయం ఉంది చూడు, అక్కడి ఆయా. అరల్లో పరవడానికి ఇప్పటికీ పాత పేపర్లు నా దగ్గరే కొంటుంది."

ఆ గురువారం డిటెక్టివ్ ఆయా కోసం కొట్లో కాచుకుని కూర్చున్నాడు. ఆమెతో కలిసి ఆశ్రయానికి వెళ్లాడు, రిజిస్టరు చూశాడు. సాయంత్రం ఆఫీసుకు వచ్చి కూర్చున్నాక టైపిస్టు అంతా విన్నది. విని, కాగితం ఎక్కించిన మిషను ముందు అక్షరం కొట్టకుండా ఉండిపోయింది.

"చెప్పక తప్పదా సార్? సగం చెప్పి ఊరుకోకూడదా?"

"ముప్ఫై ఏళ్లు అందని ఉత్తరాలు చదివాను. కొన్ని చదివాక చింపేద్దామనిపించేది, చేరితే ఆ మనిషి గుండె పగులుతుందని. కానీ ఎవరిదో తెలిశాక దాచుకోవడానికి అది నా ఉత్తరం కాదు."

ఆదివారం మధ్యాహ్నం తూకం తాత కొట్లో అందరినీ కూర్చోబెట్టారు. కుర్చీలు లేవు, పుస్తకాల కట్టలే ఆసనాలు. తండ్రి రానంటే టైపిస్టు వెళ్లి తీసుకొచ్చింది. కూతురు ఆయనకు దూరంగా, గుమ్మం పక్కన కూర్చుంది. ఆయా పేపర్ల గుట్ట మీద కూర్చుని చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"ముందు ఈ పోట్లు ఎవరివో చెబుతాను" అన్నాడు డిటెక్టివ్. "అమ్మాయీ, ఇవి మీ అమ్మవి కావు."

కూతురు లేచి నిలబడింది.

"నువ్వు తెచ్చిన నవలలో పేజీలు కోయలేదు. చదివిన గుర్తున్న పుస్తకాన్ని ఎవరూ చదవలేదు. మీ అమ్మ సూదితో ఒక్క కాగితమే పొడిచేది, నెమ్మదిగా. ఇవి ఎవరూ చూడకుండా, తొందరగా, నాలుగు కాగితాలు కలిపి పొడిచినవి. డీజిల్ ఇంజన్ల పుస్తకాన్ని కూడా వదల్లేదు. రంధ్రాల చుట్టూ నూనె మరక ఉంది. కుట్టుసూదికి నూనె ఉండదు. గడియారాలకు నూనె పెట్టే సూదికి ఉంటుంది."

అందరూ తండ్రి వైపు చూశారు. ఆయన దగ్గాడు. తూకం తాత ఆ దగ్గు వినగానే తలెత్తాడు. "ఆదివారం బాబు!" అన్నాడు.

"నువ్వా?" అంది కూతురు. గొంతులో ఆరేళ్ల కోపం ఒక్కసారి పైకొచ్చింది. "అమ్మ పేరెత్తితేనే లేచి పోయేవాడివి. నన్ను మోసం చెయ్యడానికా? బతికుందని నన్ను నమ్మించడానికా?"

"నీకోసం కాదే" అన్నాడు తండ్రి. నేల చూస్తూ మెల్లగా చెప్పాడు. "దానికోసం. తిండి లేకపోయినా ఉంటుంది గానీ పుస్తకం లేకుండా ఉండలేదు. కొత్తవి కొనే స్తోమతు లేదు. ఎక్కడున్నా ఇలాంటి చోటికి రాక తప్పదు. వచ్చి, పుస్తకం తీసి, తన గుర్తు తనకే ఎదురైతే... ఇది నేను పెట్టింది కాదే, మరెవరు పెట్టారు అనుకుంటుంది కదా. ఇంట్లోవాళ్లు వెతుకుతున్నారని తెలుస్తుంది కదా. పోలీసులకు పేపరు ప్రకటనలు తెలుసు, నాకు ఇదొక్కటే తెలుసు. అయిదేళ్ల నుంచి ప్రతి ఆదివారం పొడుస్తున్నాను. నీకు చెబితే నవ్వుతావనుకున్నా."

కూతురు మళ్లీ కూర్చుంది.

"మీరనుకున్నది సగం నిజమైంది" అన్నాడు డిటెక్టివ్. టైపిస్టు కళ్లు మూసుకుంది. "ఆవిడ వచ్చింది. ఆ రోజు దారి తప్పి బస్సెక్కి ఎక్కడో దిగింది. రెండేళ్లు వేరే ఊరి ఆసుపత్రిలో ఉంచి, చోటు లేక ఇక్కడి ఆశ్రయానికి పంపారు. పుట్టింట్లో పిలిచే పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయింది. పోలీసుల కాగితాల్లో ఆ పేరు లేదు. గురువారాలు ఈ ఆయాతో ఈ కొట్టుకు వచ్చేది. మీరు ఆదివారం వచ్చేవారు."

"వచ్చిందా?" తండ్రి లేచాడు. "గుర్తు చూసిందా?"

"చూసింది."

"మరి?"

చెప్పవలసింది తండ్రికి దానంతటదే అందుతోందని డిటెక్టివ్ చూశాడు. తూకం తాత మాత్రం మసకకళ్లతో అటూ ఇటూ చూసి, "ఆవిడేనా? 'చదివేశాను' అని పెట్టేసేదే, ఆవిడేనా?" అన్నాడు. అన్నాక నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

బయట రోడ్డు మీద ఎవరో ఎవరినో గట్టిగా పిలుచుకుంటూ వెళ్లారు.

"ఆమె తన జ్ఞాపకాన్ని నమ్మేది కాదు, ఆ పోట్లనే నమ్మేది" అన్నాడు డిటెక్టివ్. "పోట్లుంటే చదివినట్టే. అందుకని పెట్టేసింది."

"ఇప్పుడెక్కడుంది?" అంది కూతురు. ఆయా వైపు చూసి అడిగింది.

ఆయా కళ్లు తుడుచుకుంది. "పోయిన వానాకాలంలో జ్వరం వచ్చిందమ్మా. రెండు రోజులే. ఎవరి చేతా సేవ చేయించుకోలేదు. పెద్దగా బాధపడలేదు, నేను పక్కనే ఉన్నాను."

"పుస్తకాలు చదివేదా, చివర్లో?"

"లేదమ్మా. అన్నీ అయిపోయాయి, ఇంక నాకేం మిగల్లేదు అనేది. గోడకేసి చూస్తూ కూర్చునేది. అయితే మళ్లీ చదువుకోండి, ఎవరు కాదన్నారు అనేదాన్ని." ఆయా డిటెక్టివ్ వైపు చూసింది. తర్వాతి మాట వాళ్లు అడిగితేనే చెప్పమని ఆయన ముందే చెప్పి ఉన్నాడు.

"ఆపకమ్మా" అన్నాడు తండ్రి. "ఏమంది?"

ఆయా నసిగింది. "వద్దులే అయ్యా."

"ఏమందో చెప్పు."

"'అమ్మో, చదివిందే మళ్లీ కొంటే ఆయన కేకలేస్తారు' అంది."

తండ్రి పుస్తకాల కట్ట మీద కూలబడ్డాడు. చొక్కా జేబులోంచి సన్నటి ఉక్కు సూది బయటికి జారి ఎటో పోయింది, ఆయన చూసుకోలేదు. "ఇల్లు మరిచిపోయింది" అన్నాడు. "దారి మరిచిపోయింది. బిడ్డను మరిచిపోయింది. నా కేకలొక్కటే గుర్తుంచుకుంది."

కూతురు ఆయన్ను చూసింది. ఆమె ఇప్పుడేమన్నా ఆయన కాదనలేడు. ఆయన కేకల వల్లే అమ్మ పోయిందని ఆరేళ్లుగా తాను అంటున్న మాట నిజమని ఈ షెడ్డులో సాక్షులతో సహా రుజువైంది. టైపిస్టుకు భయం వేసింది.

ఆ అమ్మాయి లేచి, కట్టలు దాటుకుంటూ వచ్చి తండ్రి పక్కన ఇరుకుగా కూర్చుంది.

"ఆయామ్మా, అమ్మ ఆ మాట ఎప్పుడంది? కొట్లోనా, ఆశ్రయంలోనా?"

"ఇక్కడేనమ్మా, పుస్తకం చేతిలో పట్టుకుని. ఇంకో రెండు మూడుసార్లు మంచం మీద కూడా."

"విన్నావా నాన్నా?" అంది కూతురు. "ఇంటికి పోననుకునే మనిషికి ఇంట్లో కేకలేస్తారని భయమెందుకు? పుస్తకం కొనుక్కుని సాయంత్రానికి మన దగ్గరికే వస్తున్నాననుకుంది. ప్రతి గురువారం అలాగే అనుకుంది. రాకూడదనుకోలేదు."

మోకాళ్ల మీద ఉన్న తండ్రి చేతులు, గడియారంలో వెంట్రుకంత తీగను తాకినా వణకని ఆ చేతులు, ఇప్పుడు వణుకుతున్నాయి. కూతురు వాటిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇద్దరూ అప్పుడు ఏడ్చారు. డిటెక్టివ్ కేసు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లి నిలబడ్డాడు. టైపిస్టు వెంట వెళ్లింది. "ఆ అమ్మాయి చివర్లో అన్న మాట మీకు తట్టలేదు కదా సార్" అంది మెల్లగా. పదకొండేళ్లలో ఆయనకు అందనిది ఒకటుందని ఆమె అనడం అదే మొదటిసారి.

"తట్టలేదమ్మా" అన్నాడు ఆయన. "అది ఆ పిల్ల పేరున వచ్చిన ఉత్తరం."

లోపల ఆయా లేచి చెంగు దులుపుకుంది. ఆశ్రయంలో నాలుగింటికి గేటు మూసేస్తారని, అమ్మ మంచం చూస్తామంటే ఇప్పుడే బయల్దేరాలని చెప్పింది. తండ్రి లేవబోయి తూలాడు. కూతురు పట్టుకుంది. ముగ్గురూ రోడ్డు మీదికొచ్చి గుడ్డల గోడౌను వైపు నడిచారు.